పెళ్లితో ముగుస్తుందని తెలిసే చదువుతాం

హరికథకు వెళ్లేవాళ్లెవరూ శివధనుస్సు విరుగుతుందా విరగదా అని కంగారు పడుతూ వెళ్లరు. రుక్మిణి పంపిన బ్రాహ్మణుడు ద్వారక చేరతాడనీ, కృష్ణుడు వేళకు రథం తోలుకొస్తాడనీ పందిట్లో కూర్చున్న పసిపిల్లలకీ తెలుసు. అయినా దాసుగారు ఆ ఘట్టం అందుకునేసరికి అందరూ కాస్త ముందుకు జరుగుతారు. ఏం జరుగుతుందో తెలుసు. ఎలా జరుగుతుందో వినాలి.

ఇంగ్లీషులో హిస్టారికల్ రొమాన్స్ అని పిలిచే నవలల దగ్గరకు కూడా ఇలాగే వెళ్లాలి. చాలామంది వాటిని అట్ట చూసే పక్కన పెట్టేస్తారు. పట్టుగౌను, గుర్రపుబండి, వెనక ఒక పెద్ద మేడ, ముందు ఓ అందగాడు. ఆఖరి పేజీలో పెళ్లి ఖాయం, ఇంక చదవడానికేముంది అంటారు. ఆ ఖాయంగా తెలిసిన ముగింపే ఈ నవలలకు ప్రాణమని నా నమ్మకం. ఎందుకో నెమ్మదిగా చెబుతాను.

ముందు అసలీ నవలంటే ఏమిటో చూద్దాం. అమెరికాలోని రొమాన్స్ రచయితల సంఘం ఈ జాతి నవలలన్నిటికీ రెండే షరతులు పెట్టింది. కథకు ప్రేమ కేంద్రం కావాలి, ముగింపు మనసుకు తృప్తినీ ఆశనూ ఇవ్వాలి. కథ జరిగే కాలం రచయిత కాలానికి బాగా వెనకటిదైతే అది చారిత్రక ప్రేమనవల అవుతుంది. మామూలు చారిత్రక నవలలో రాజ్యం నిలుస్తుందా కూలుతుందా అన్నది ప్రశ్న. ఇక్కడ ఒక ఇల్లు నిలుస్తుందా లేదా అన్నది ప్రశ్న. చరిత్ర ఇందులోనూ ఉంటుంది. అయితే అది కోటగోడల మీద కాక కట్నాల లెక్కల్లో, వారసత్వ పత్రాల్లో, ఎవరు ఎవరితో ఎంతసేపు మాట్లాడవచ్చునన్న నియమాల్లో కనిపిస్తుంది.

ఈ నవలల్లో చాలా ఇంగ్లండులో రీజెన్సీ అనే కాలం చుట్టూ తిరుగుతాయి. మూడో జార్జి రాజుకు మతి చెడి పాలన సాగించలేని స్థితి రావడంతో 1811 ఫిబ్రవరిలో ఆయన కొడుకు రీజెంటుగా అధికారం చేపట్టాడు. 1820లో తండ్రి చనిపోయేదాకా, తొమ్మిదేళ్ల పాటు, ఆ ఏర్పాటు నడిచింది. నెపోలియన్‌తో యుద్ధం ముగియడం, వాటర్లూ, లండన్ నాట్యశాలలు, బ్రైటన్ సముద్రతీరం అన్నీ ఆ కొద్ది కాలంలోనే ఇమిడిపోయాయి. జేన్ ఆస్టెన్ నవలలు అచ్చయింది కూడా అప్పుడే. కాకపోతే ఆస్టెన్ తన కాలం గురించి తాను రాసుకుంది. బండికి ఎన్ని గుర్రాలు కట్టాలో, పెళ్లికాని పిల్ల ఒంటరిగా ఎందుకు వీధిలోకి వెళ్లకూడదో ఆమె తన పాఠకులకు చెప్పనక్కర్లేదు. నూరేళ్ల తర్వాత జార్జెట్ హెయర్ అనే రచయిత్రి ఆ లోకాన్ని మళ్లీ ఇటుక ఇటుకా పేర్చి నిలబెట్టింది. ఇవాళ మనం రీజెన్సీ రొమాన్స్ అంటున్నదానికి తల్లి ఆమే.

ఆ కాలమే ఎందుకు అంటే, గౌనులు అందంగా ఉంటాయని కాదు. ఆనాటి చట్టం సంగతి తెలిస్తే గౌను వెనకున్న మనిషి కనబడుతుంది.

ఇంగ్లండులో 1753లో వచ్చిన పెళ్లిచట్టం ప్రకారం ఇరవై ఒకటి నిండనివాళ్లు లైసెన్సు మీద పెళ్లాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. లేదంటే చర్చిలో మూడు ఆదివారాలు వరసగా పెళ్లి ప్రకటన చదివించాలి, అప్పుడు ఎవరైనా లేచి కాదనవచ్చు. ఈ చట్టం స్కాట్లండుకు వర్తించదు. అందుకే సరిహద్దు దాటగానే వచ్చే గ్రెట్నా గ్రీన్ అనే చిన్న ఊరు లేచిపోయిన జంటలకు పేరుపడింది. ఈ నవలల్లో అర్ధరాత్రి ఉత్తరం వైపు బండి పరిగెత్తిందంటే, దాని వెనకే కోపంతో ఊగిపోతున్న అన్నో తండ్రో ఇంకో బండిలో వస్తున్నాడన్నమాట.

అసలు కష్టం పెళ్లయ్యాక మొదలవుతుంది. తాళి కట్టించుకున్న మరుక్షణం భార్య చేతిలో ఉన్న డబ్బూ, నగానట్రా, ఆమె సంపాదన మొత్తం భర్తవి అయిపోయేవి. పెళ్లికి ముందే ప్లీడరు చేత ఒప్పందపత్రం రాయించుకుంటే కొంత దక్కేది, లేకపోతే లేదు. పిల్లలు తండ్రి సొత్తు. కసాయివాడని తేలినా విడాకులకు పార్లమెంటులో ప్రత్యేకంగా చట్టం చేయించుకోవాలి, ఆ దారి దాదాపుగా డబ్బున్న మగవాళ్లకే తెరుచుకునేది. తల్లికి చిన్నపిల్లలను తన దగ్గర ఉంచుకోవాలని కోర్టును అడిగే వీలు 1839లో వచ్చింది. విడాకులు కోర్టు పరిధిలోకి వచ్చింది 1857లో. పెళ్లయిన స్త్రీ తన ఆస్తిని తనదిగా పూర్తిగా ఉంచుకోగలిగింది 1882 చట్టం తర్వాతే.

ఇప్పుడు ఆ నాట్యశాల దృశ్యానికి రండి. ఒక అమ్మాయి ఒకే మనిషితో ఒక రాత్రిలో రెండుసార్లకు మించి నాట్యం చేస్తే ఊరు ఊరంతా వాళ్లకు పెళ్లి కుదిరిందనుకుంటుంది. ఆమె ఆ మూడోసారికి ఒప్పుకుంటుందా? ఇంతే దృశ్యం. పైకి చూస్తే చాలా చిన్నది. కానీ ఒకసారి 'సరే' అన్నాక జీవితమంతా వెనక్కి తీసుకోలేని లోకంలో ఆ చిన్న తలవూపు కత్తి అంచు మీద నడక. మంచి రచయిత్రి చేతిలో అరపేజీ సంభాషణ యుద్ధఘట్టమంత బిగువుగా ఉండటానికి కారణం ఇదే. ఆమె బాగానే ఉంటుందని మనకు ముందే మాట ఇచ్చారు కనుక ఆ ప్రమాదాన్ని మనం కళ్లు మూసుకోకుండా చూడగలుగుతాం. విషాదాంత నవలలో అయితే గుండె దడతో పేజీలు తిప్పేస్తాం, మధ్యలో ఆగి ఆ లోకాన్ని పరికించే తీరిక ఉండదు.

చిన్న వస్తువులు కూడా ఇలాగే బరువెక్కుతాయి. ఒక ఉత్తరాన్ని తీసుకోండి. 1840లో పెన్నీ తపాలా వచ్చేదాకా ఉత్తరానికి డబ్బు మామూలుగా కట్టేది అందుకున్నవాళ్లే. దూరాన్ని బట్టీ కాగితాల సంఖ్యను బట్టీ రేటు. రెండో కాగితం చేరిందా, ఖర్చు రెట్టింపు. అందుకని ఒకే కాగితం నిండా రాసి, దాన్ని పక్కకు తిప్పి, ఆ వరసల మీదే అడ్డంగా మళ్లీ రాసేవారు. అలాంటి ఉత్తరాన్ని దీపం దగ్గర పెట్టుకుని అడ్డవరసలు ఒకసారి, నిలువువరసలు ఒకసారి విడదీసుకుంటూ చదువుకోవాలి. పార్లమెంటు సభ్యులకూ ప్రభువులకూ మాత్రం తపాలా ఉచితం, ఉత్తరం మీద చిరునామా తమ చేత్తో రాసి సంతకం పెడితే చాలు. అందువల్ల నవలలో పేదింటి కథానాయిక ఎవరో ప్రభువు దగ్గరకు వెళ్లి 'నా ఉత్తరం మీద కాస్త సంతకం పెడతారా' అని అడిగిందంటే, అది ఉత్త తపాలా విషయం కాదు. తన ఉత్తరం ఎవరికి వెళుతోందో అతనికి తెలియనిస్తోంది, అతని దయ ఒకటి స్వీకరిస్తోంది. తపాలా నియమం తెలిసిన పాఠకుడికి ఆ సిగ్గూ ఆ చనువూ రెండూ అందుతాయి.

ఈ జాతి నవల ఎంత లోతుకు వెళ్లగలదో చూపడానికి నేను ఎప్పుడూ చెప్పేది హెయర్ 1961లో ప్రచురించిన 'ఎ సివిల్ కాంట్రాక్ట్'. పేరు చూసి ప్రేమకథ అని ఎవరూ అనుకోరు. ఆడమ్ డెవెరిల్ యుద్ధం చేసి గాయపడిన సైనికాధికారి. తండ్రి పోవడంతో ఇంటికొచ్చాడు. వచ్చి చూస్తే బిరుదు తనది, అప్పులూ తనవే. తాతలనాటి ఇల్లు అమ్ముకోవాల్సిన పరిస్థితి. చెల్లెళ్ల పెళ్లిళ్లున్నాయి. తాను మనసిచ్చిన జూలియా గొప్పింటి పిల్ల, అందగత్తె, ఈ అప్పుల్లో ఆమెను పెళ్లాడే దారి లేదు. అప్పుడు చాలీ అనే కోటీశ్వరుడైన వ్యాపారి తన ఏకైక కూతురు జెన్నీని ఇస్తానంటాడు. ఆయనకు కూతురు ప్రభువుగారి భార్య కావాలి, ఇతనికి డబ్బు కావాలి. బేరం కుదిరింది. జెన్నీ జూలియాకు బళ్లో స్నేహితురాలు. పొట్టిగా, బొద్దుగా, చూడగానే ఎవరికీ గుర్తుండని మనిషి. ఎన్నాళ్లుగానో ఆడమ్‌ను లోలోపల ప్రేమిస్తోంది, అతని మనసు ఎక్కడుందో కూడా ఆమెకు తెలుసు.

తెలుగు పాఠకుడికి ఇందులో పరాయిది ఏమీ ఉండదు. పెళ్లి తర్వాత ఒకరినొకరు తెలుసుకోవడం మొదలుపెట్టే దంపతులు, అల్లుడి మీద కానుకల వాన కురిపించి ఊపిరాడనివ్వని మామగారు, ఆ కానుకలను కాదనలేక తీసుకోలేక నలిగే అల్లుడి అభిమానం మనకు తెలియనివా? చాలీ పాత్రను హెయర్ ఎంతో ప్రేమగా మలిచింది. గొంతు పెద్దది, అభిరుచి మోటు, అల్లుడి లండన్ ఇంటిని అతన్ని అడక్కుండా తనకు నచ్చినట్టు ముస్తాబు చేయించేస్తాడు. అయినా కూతురి కాన్పు వేళ ఆ పెద్దమనిషి పడే భయం చూస్తే అతన్ని కసురుకోవడానికి మనసొప్పదు.

జెన్నీ ఏ మాయా చేయదు. భర్త అలసి వచ్చేసరికి గది వెచ్చగా ఉంటుంది, అతనికి ఇష్టమైన వంటకం సిద్ధంగా ఉంటుంది, అతనికి వ్యవసాయం మీద మోజు కనుక ఆమె పంటల గురించి తెలుసుకుంటుంది. 1815 జూన్‌లో బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ ఓడిపోయాడని లండన్‌లో పుకారు పుడుతుంది. అందరూ ప్రభుత్వ రుణపత్రాలు అయినకాడికి అమ్ముకుంటున్నారు, మామగారు కూడా అమ్మేయమనే చెబుతాడు. ఆడమ్ వెల్లింగ్టన్ కింద పనిచేసినవాడు, తన సేనాని సంగతి తెలిసినవాడు. అప్పుచేసి మరీ కొంటాడు. వాటర్లూ యుద్ధం జరిగింది ఆ నెల 18న, గెలుపు వార్త అధికారికంగా లండన్ చేరింది 21 రాత్రి. ఆ మధ్యనున్న మూడు రోజుల్లో ఒక మనిషి తన కాళ్ల మీద తాను నిలబడటాన్ని హెయర్ చూపిన తీరు చరిత్రనూ సంసారాన్నీ ఒకే దారంతో కుట్టినట్టుంటుంది.

ఆ తర్వాత కూడా ఆడమ్ ఒక్కసారిగా మోకాళ్ల మీద పడి ప్రేమను ప్రకటించడు. జూలియాతో తన జీవితం ఎంత అలసటగా ఉండేదో అతనికి మెల్లగా అర్థమవుతుంది, జెన్నీ లేని ఇల్లు తన ఇల్లు కాదని తెలిసొస్తుంది. జెన్నీకి తనకు దక్కింది ఏమిటో, దక్కనిది ఏమిటో రెండూ తెలుసు. హెయర్ అభిమానుల్లోనే ఈ ముగింపు మీద రెండు వర్గాలున్నాయి. ఇది ప్రేమనవలే కాదని ఒక వర్గం అంటుంది. నా మటుకు, ఆమె రాసినవాటిలో ఇంతకంటే నిజమైన ప్రేమకథ లేదు.

హెయర్ గురించి రెండు మాటలు. 1902లో పుట్టింది. జబ్బుపడిన తమ్ముడికి పొద్దుపోవడానికని అల్లిన కథ 'ది బ్లాక్ మాత్' 1921లో ఆమె తొలి నవలగా అచ్చయింది, అప్పటికామెకు పందొమ్మిదేళ్లే. 1974లో పోయింది. దుస్తులు, బండ్లు, ధరలు, ఆనాటి వాడుకమాటలు అన్నీ నోటుపుస్తకాల్లో విడివిడిగా రాసి పెట్టుకునేది. వాటర్లూ మీద 1937లో రాసిన 'యాన్ ఇన్‌ఫేమస్ ఆర్మీ'లో యుద్ధ వర్ణనను సైనిక చరిత్ర తెలిసినవాళ్లు కూడా మెచ్చుకున్నారు. ఇంటర్వ్యూలు ఇవ్వడానికి మాత్రం ఒప్పుకునేది కాదు.

ఈ నవలల్లో మచ్చలు లేవని నేననను. హెయర్ 1950 నవల 'ది గ్రాండ్ సోఫీ'లో వడ్డీవ్యాపారి అయిన యూదుడి చిత్రణ నీచంగా ఉంటుంది. యూదుల ఊచకోత లోకానికి తెలిసిన ఐదేళ్లకే అలా రాయడం మరీ బాధాకరం. 1972లో అమెరికాలో క్యాథ్లీన్ వుడివిస్ రాసిన 'ది ఫ్లేమ్ అండ్ ద ఫ్లవర్' పడకగది తలుపులు తెరిచి ఈ జాతి నవలలకు కొత్త గిరాకీ తెచ్చింది, కానీ అందులో నాయకుడు నాయిక మీద బలాత్కారం చేస్తాడు, కథ దాన్ని ప్రేమ వైపు నడిపిస్తుంది. ఆ రోజుల్లో అదే దారిలో మరెన్నో వచ్చాయి. తర్వాతి తరం రచయిత్రులు దానితో గట్టిగా పోట్లాడి, స్త్రీ ఇష్టాన్ని కథకు పునాది చేశారు. పాత పుస్తకం చేతిలోకి తీసుకునే ముందు ఈ తేడా తెలిసి ఉండటం మంచిది.

ఇంకో మచ్చ ఇంతకంటే లోతైనది. ఈ కథల్లో డ్యూకులు అడుగడుక్కీ తగులుతారు. నిజానికి ఆ కాలంలో రాజకుటుంబం బయట డ్యూకులు ఓ పాతిక ముప్పైమందే, వాళ్లలో పడుచువాళ్లు మరీ తక్కువ. అది కథ కోసం సర్దుకోవచ్చు. ఆ మేడల్లో డబ్బు ఎక్కడిదన్నది మాత్రం సర్దుకోదగ్గ ప్రశ్న కాదు. కరేబియన్ దీవుల్లో బానిసలు పండించిన చెరకు కొంత, ఈస్టిండియా కంపెనీ మన దేశం నుంచి పట్టుకెళ్లింది కొంత. బానిస వ్యాపారాన్ని 1807లో నిషేధించినా బానిసత్వం 1830ల దాకా సాగింది, చివరకు నష్టపరిహారం ముట్టింది యజమానులకే.

రీజెన్సీ ఇంగ్లండుకు హైదరాబాదుతో ఒక రక్తబంధం కూడా ఉంది. కంపెనీ తరఫున నిజాం కొలువులో రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్ ఖైరున్నీసా అనే గొప్పింటి అమ్మాయిని ఇస్లాం పద్ధతిలో పెళ్లాడాడు. కోఠిలో మహిళా కళాశాలగా పేరుపడి, ఇవాళ మహిళా విశ్వవిద్యాలయమైన ఆవరణలో ఉన్న ఆ స్తంభాల భవనం అతను కట్టించిన రెసిడెన్సీయే. వాళ్లకు 1801లో కొడుకు, 1802లో కూతురు పుట్టారు. 1805లో ఆ పసివాళ్లిద్దర్నీ మద్రాసులో ఓడెక్కించి ఇంగ్లండు పంపించేశారు. అదే ఏడు తండ్రి కలకత్తాలో చనిపోయాడు. తల్లి 1813లో పోయేదాకా పిల్లల మొహం మళ్లీ చూడలేదు. నూరున్నీసాగా పుట్టిన ఆ కూతురు కిట్టీ కర్క్‌పాట్రిక్ పేరుతో సరిగ్గా రీజెన్సీ కాలంలోనే ఇంగ్లండులో పెరిగింది. రచయిత థామస్ కార్లైల్ ఆమెను ఎరుగును, అతని పుస్తకంలోని ఒక నాయికకు ఆమే ప్రేరణ అని చెబుతారు. 1829లో ఒక సైనికాధికారిని పెళ్లాడింది. 1840లలో, పసితనంలో విడిచిన హైదరాబాదులో ఇంకా బతికే ఉన్న అమ్మమ్మతో ఉత్తరాలు మొదలయ్యాయి. విలియం డాల్‌రింపుల్ 2002లో ప్రచురించిన 'వైట్ మొఘల్స్'లో ఈ కథంతా ఉంది. నెట్‌ఫ్లిక్స్ వాళ్లు 'బ్రిడ్జర్టన్' సీరీస్ రెండో భాగంలో, 2022లో, భారతదేశం నుంచి వచ్చిన శర్మ అక్కచెల్లెళ్లను లండన్ నాట్యశాలలో నిలబెడితే ఇది ఉత్త కల్పన అన్నవాళ్లున్నారు. హైదరాబాదులో పుట్టిన ఒక పిల్ల ఆ లోకంలో నిజంగానే నడిచింది.

ఈ నవలలు వదిలేసిన ఇలాంటి ఖాళీలను పూరిస్తున్న రచయిత్రులు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది అమెరికాలోని బెవర్లీ జెంకిన్స్. ఆమె 1996 నవల 'ఇండిగో' నాయిక హెస్టర్ ఒకనాటి బానిస. చిన్నప్పుడు తోటల్లో నీలిమందు పనిచేయడంతో చేతులకూ కాళ్లకూ పట్టిన నీలిరంగు పెద్దయ్యాకా పోలేదు. కడప, నెల్లూరు వైపు ఒకప్పుడు విరివిగా పండిన అదే నీలిమందు. స్వేచ్ఛ పొంది అమెరికా ఉత్తరాదిలో స్థిరపడిన హెస్టర్, పారిపోయి వచ్చే బానిసలను ఇంట్లో దాచి దాటిస్తుంటుంది. ఒక రాత్రి గాయాలతో వచ్చినవాణ్ని దాచాల్సి వస్తుంది, అతనే నాయకుడు. తొడుగుల్లో దాచుకునే ఆ నీలిచేతులను అతను ఎలా చూశాడన్న దగ్గర ప్రేమా చరిత్రా ఒకటైపోతాయి. నల్లజాతి మనిషికి చరిత్రలో సంతోషపు ముగింపు దక్కడమే ఒక వాదన అని జెంకిన్స్ చదివితే అర్థమవుతుంది.

మన దగ్గర అడివి బాపిరాజు 'గోన గన్నారెడ్డి' ఈ జాతికి దగ్గరి చుట్టం. కాకతీయుల కాలం, గజదొంగ వేషంలో తిరిగే వీరుడు, అన్నాంబికతో ప్రేమ. కానీ అక్కడ చివరికి గెలవాల్సింది రుద్రమ సింహాసనం. సంసారాన్నే మధ్యలో పెట్టుకున్న నవలలు యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' నుంచి మనకు లెక్కలేనన్ని వచ్చాయి, అవి మాత్రం తమ కాలం గురించి రాసినవి. ఈ రెండు దారులూ కలిసిన చోటు మన సాహిత్యంలో దాదాపు ఖాళీగానే ఉంది. సరుకు లేక కాదు. 1881 డిసెంబరులో రాజమండ్రిలో వీరేశలింగంగారు తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరంతా వెలివేస్తామని బెదిరించింది. ఆ పెళ్లిపీటల మీద కూర్చున్న ఇద్దరూ ఆ రాత్రి ఏం మాట్లాడుకుని ఉంటారు? వంటకు మనిషి దొరకని ఇంట్లో, నీళ్లబావి దగ్గర మాటలు పడుతూ, వాళ్లు ఒకరికొకరు ఎప్పుడు ఇష్టమయ్యారు? సంస్కరణ చరిత్రలు ఆ తలుపు దగ్గరే ఆగిపోతాయి. చట్టమూ కులమూ ఊరూ అంతగా బరువేసిన ఆ గదిలోకి వెళ్లగలిగేది ఇలాంటి నవలే. తెలుగులో ఎవరైనా రాయాలని మనసారా కోరుకుంటున్నాను.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకు ఒక సాయం. మొదటి ముప్పై పేజీల్లో పేర్లు తికమక పెడతాయి. ఒకే మనిషిని ఇంటిపేరుతో ఒకరు, బిరుదుతో ఇంకొకరు పిలుస్తారు. ఆడమ్ డెవెరిల్, లార్డ్ లింటన్ ఒక్కరే. ఒక చీటీ మీద రాసుకుంటే నాలుగో అధ్యాయానికి ఆ చీటీ అవసరం తీరిపోతుంది. తొలి పుస్తకంగా హెయర్ 1965 నవల 'ఫ్రెడరికా' తీసుకోండి. తల్లీతండ్రీ లేని తమ్ముళ్లనూ చెల్లెలినీ సాకుతున్న ఒక అక్క, దేని మీదా ఆసక్తి లేని ఒక ప్రభువు, అల్లరి తమ్ముడు బెలూనెక్కేసిన వ్యవహారం అన్నీ కలిసి నవ్విస్తూనే చదివిస్తాయి. అది నచ్చితే 'ఎ సివిల్ కాంట్రాక్ట్'. అదయ్యాక జెంకిన్స్.